ఎడారి వాగుపై బాట

నల్లరేగడి నేలలో వాన వెలిసిన మరునాడు బండి తోలినవారికి ఒక సంగతి అనుభవముచే తెలియును. మొదటి బండి ఎట్లో దాటిపోవును. రెండవది గాడిని లోతు చేయును. మూడవది ఇరుసువరకు దిగబడును. తెలిసిన బండివాడు అప్పుడు ఎడ్లను కొట్టడు. క్రిందికి దిగి, ప్రక్కచేనిలోని ప్రత్తికట్టెయో, తాటిమట్టయో, గట్టుమీది తుమ్మకంపయో తెచ్చి చక్రముక్రింద పరచును. పెదకాకాని చుట్టుపట్ల డొంకలలో ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఎడ్లబండ్లు తగ్గిపోయినవి గాని, రేగడి గుణము మాత్రము మారలేదు. నేటికిని తొలకరిలో ఎరువుల బస్తాలతో చేనికి పోయిన ట్రాక్టరు దిగబడినచో, రైతు వెదకునది కంపయే.

1943వ సంవత్సరము మార్చి నెలలో, ఈ డొంకలకు కొన్నివేల మైళ్ళ దూరమున, ఆఫ్రికాఖండపు ఉత్తరపుటంచున ట్యునీషియా దేశములో, ఒక వాగు గర్భమున ఇంచుమించు ఇదే పని జరిగినది. అచట దిగబడినవి బండ్లు కావు. పదునారు టన్నులకు పైబడిన యుద్ధపు టాంకులు. పని జరిగినది పగటివేళ కాదు. ఫిరంగిగుండ్లు పడుచుండగా రాత్రివేళ. కాని బురదపై వేసినవి మాత్రము కంపమోపులే. వేసినవారిలో మన దక్షిణదేశపు బిడ్డలుండిరి. వారిని మద్రాసు సాపర్లందురు. ఆ దాడికి సేనాధిపతులు పెట్టిన గుప్తనామము ‘ప్యూజిలిస్టు’, అనగా ముష్టియోధుడు. అది చరిత్రలో మారెత్ యుద్ధమని పేరుపొందినది. ఆ యుద్ధము ఎట్లు జరిగినది, మొదటి దెబ్బ ఏల తప్పిపోయినది, అందు మనవారి పాత్ర యేమి యను విషయములను నేడు విచారింతము.

ముందుగా, యుద్ధము ఎడారికి ఎట్లు వచ్చినదో తెలిసికొనవలెను. 1940వ సంవత్సరము జూను 10వ తేదీన ఇటలీదేశము జర్మనీ పక్షమున యుద్ధమున దిగెను. అప్పటికి లిబియాదేశము ఇటలీ చేతిలో నుండెను. దాని ప్రక్కనున్న ఈజిప్టులో బ్రిటిషు సేనలుండెను. ఈజిప్టులో సూయెజు కాలువ యున్నది. ఇంగ్లండునకును భారతదేశమునకును నడుమ నున్న దగ్గరి సముద్రమార్గమునకు అదియే ద్వారము. పశ్చిమాసియాలోని చమురు నూతులకు కావలివాకిలి. అందుచేత మనుష్యసంచారము పలుచనైన ఆ ఇసుకనేలకై మూడు సంవత్సరములు మహాసైన్యములు పోరాడవలసివచ్చెను.

ఆ పోరాటము ఉయ్యాలవలె ఊగినది. 1940 డిసెంబరులో బ్రిటిషు సేన, దానితో కూడ నాల్గవ భారత డివిజను, సిదీ బర్రానీవద్ద ఇటలీవారిని ఓడించి వేలకొలది బందీలను పట్టెను. 1941 ఫిబ్రవరిలో జర్మను సేనాని రొమ్మెలు ఆఫ్రికాలో దిగగనే ఉయ్యాల మరలినది. ఒకరు ముందుకు వచ్చినకొలది వారి ఆహారము, నీరు, పెట్రోలు తెచ్చు దారి పొడవగును. వెనుకకు పోయినవారికి ఆ దారి కురచయగును. కావున గెలిచినవాడు బలహీనుడై, ఓడినవాడు బలము పుంజుకొనుచుండెను. ఎడారి యుద్ధమునకు ఇదియే కీలకము. 1942 అక్టోబరు 23వ తేదీ రాత్రి ఈజిప్టులోని అలమీనువద్ద సేనాని మాంట్‌గొమరీ నడపిన ఎనిమిదవ సైన్యము దాడి ప్రారంభించి, నవంబరు 4వ తేదీ నాటికి రొమ్మెలు సేనను విరుగగొట్టెను. నవంబరు 8వ తేదీన అమెరికా, బ్రిటిషు సేనలు మొరాకో, అల్జీరియా తీరములలో దిగెను. ఎనిమిదవ సైన్యము రమారమి రెండువేల కిలోమీటర్లకు పైగా తరుముకొనుచు పోయి, 1943 జనవరి 23వ తేదీన ట్రిపోలీ నగరము ప్రవేశించెను. తూర్పునుండి ఒకరు, పడమరనుండి ఒకరు నొక్కుచుండగా, జర్మను ఇటలీ సేనలు నడుమ నున్న ట్యునీషియాలో నిలిచి పోరాడుటకు నిశ్చయించుకొనెను.

ఈ ఎనిమిదవ సైన్యములోని నాల్గవ భారత డివిజనునకు ఎఱ్ఱ గరుడపక్షి చిహ్నము. దానికి అధిపతి టకర్ అను మేజర్ జనరలు. ఆ డివిజనులో రాజపుటానా, పంజాబు, గూర్ఖా మొదలగు పటాలములుండెను. కాని ఏ డివిజనయినను కాల్బలముతోను ఫిరంగులతోను మాత్రమే నడువదు. దారి చేయువారు, వంతెనలు కట్టువారు, నూతులు శుభ్రపరచువారు, మందుపాతరలు తీయువారు కావలెను. వీరినే సాపర్లందురు. నాల్గవ డివిజనులో బెంగాలు సాపర్ల నాల్గవ ఫీల్డు కంపెనీయు, మద్రాసు సాపర్ల పండ్రెండవ ఫీల్డు కంపెనీయు, బొంబాయి సాపర్ల ఇరువదియొకటవ ఫీల్డు కంపెనీయు, మద్రాసువారిదే యైన పదునొకండవ ఫీల్డు పార్కు కంపెనీయు నుండెను.

మద్రాసు సాపర్ల దళము 1780వ సంవత్సరమున పయొనీర్లను పేరుతో పుట్టినది. బెంగుళూరు వారికి కేంద్రస్థానము. తమిళులు, తెలుగువారు, మలయాళీలు, కన్నడిగులు ఒకే పంక్తిలో నిలుచు దళమది. సైన్యములో వారికి ‘తంబి’ యను ముద్దుపేరు కలదు. ఆనాటి మద్రాసు రాజధానిలో మన సర్కారు జిల్లాలు, రాయలసీమ జిల్లాలు చేరియుండెను గనుక, ఆ దళము మనకు పరాయిది కాదు. తాపీపని, వడ్రంగము, కమ్మరము తెలిసిన పల్లెటూరి యువకులకు ఆ తావు సహజముగా నచ్చినది. గడ్డపార పట్టుట వారికి క్రొత్తగాదు.

ఇచట ఒక ప్రశ్న తప్పక పుట్టును. ఆ యుద్ధము ఎవరిది? 1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు మన ప్రజాప్రతినిధులను ఒక్కమాటయైనను అడుగకుండ, భారతదేశము యుద్ధములో నున్నదని ప్రకటించెను. అందుకు నిరసనగా ఆ సంవత్సరమే రాష్ట్రములలోని కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా లిచ్చెను. 1942 ఆగస్టులో ‘క్విట్ ఇండియా’ పిలుపు వచ్చినది. ఆగస్టు 12వ తేదీన గుంటూరు జిల్లాలోని తెనాలిలో పోలీసులు కాల్పులు జరుపగా ఏడుగురు నేలకొరిగిరి. రణరంగచౌకులోని స్తంభములు నేటికిని వారిని జ్ఞప్తికి తెచ్చుచున్నవి. అదే సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. బర్మా పడిపోయి, అచటి బియ్యము రాక నిలిచిపోయెను. ఇట్లు ఒకవైపు స్వాతంత్ర్యసమరము, ఒకవైపు శత్రుభయము, ఒకవైపు కఱవు. ఈ మూటి నడుమ యుద్ధకాలములో ఇరువదియైదు లక్షలమంది భారతీయులు సైన్యమున చేరిరి. వారందరు సామ్రాజ్యభక్తిచే చేరిరనుట సత్యము కాదు. నెలజీతము వచ్చుననియు, ఇంటికి నాలుగు రూకలు పంపవచ్చుననియు, పని నేర్చుకొనవచ్చుననియు చేరినవారు పెక్కుమంది. ఫాసిస్టులు గెలిచిన లోకమున మనకు మాత్రము స్వేచ్ఛ యెక్కడిదని తలచినవారును లేకపోలేదు.

ఇక సాపరు చేయు పనియెట్టిదో చూతము. ఎడారిలో కొండలు తక్కువ, చెట్లు లేవు. కావున శత్రువును ఆపుటకు నేలలోనే అడ్డంకి కల్పింపవలెను. అందు మొదటిది మందుపాతర. జర్మనులు టాంకులకై పాతిన పాతర పళ్ళెమువంటి ఇనుపపెట్టె. తొమ్మిది కిలోల బరువుండి, అందు సగమునకు మించి ప్రేలుడు మందుండును. మనుష్యుడు త్రొక్కిన ప్రేలదు. టాంకు గొలుసో, లారీ చక్రమో ఎక్కిన ప్రేలును. దానిని తీయవచ్చువానికై ప్రక్కనే చిన్నపాతరలు దాచెడివారు. వానిపై కాలిడినంతనే పెట్టె నడుమెత్తు ఎగిరి ప్రేలి, నలుదిక్కుల ఇనుపగుండ్లు చిమ్మును. వీనిని కనిపెట్టుటకు పోలండుదేశపు సైనికాధికారి కొసాట్స్కీ రూపొందించిన యంత్రము ఒకటి 1942లో అలమీను నాటికి సైన్యమునకు అందినది. దాని పళ్ళెమును నేలపై ఆడించుచు పోయినచో, ఇనుము తగిలినపుడు చెవిలో ధ్వని మారును. యంత్రములు చాలనిచోట, లేక పాడైనచోట, సాపరు బోర్లపడి బాయినెట్టు మొనను ఏటవాలుగా నేలలో గ్రుచ్చి, గట్టిది తగులునేమోయని జానెడు జానెడు తడవుచు పోవలెను. తీసిన దారికి ఇరుప్రక్కల తెల్లని నాడా పరచి, వెనుకకు మాత్రమే వెలుగు కనబడునట్లు దీపములు పెట్టవలెను. ఇంత పని జరుగుచుండగా శత్రువు ఊరకుండడు. సాపరు చేతిలో నున్నది తుపాకి కాదు. అతనికి కాల్చు తీరికయు లేదు.

రెండవ అడ్డంకి కందకము. మారెత్‌లో ప్రకృతియే కందకము నిచ్చినది. ట్యునీషియా దక్షిణభాగమున సముద్రమునకును మత్మాతా కొండలకును నడుమ ముప్పదియైదు కిలోమీటర్ల వెడల్పుగల బయలు కలదు. ట్యునీషియాను పాలించుచుండిన ఫ్రెంచివారు, లిబియాలోని ఇటలీవారు దండెత్తివత్తురేమోయని 1930ల దశకమున ఆ బయలుకు అడ్డముగా కాంక్రీటు కోటలు కట్టిరి. విధివిలాస మేమనగా, ఇటలీవారిని ఆపుటకు కట్టిన ఆ కోటలలోనే 1943లో ఇటలీ, జర్మను సేనలు చేరి, ఫ్రెంచివారి మిత్రులపై తుపాకు లెక్కుపెట్టెను. ఆ కోటలకు ముందు జిగ్‌జావూ అను వాగు ప్రవహించును. అరబ్బులు వాగును ‘వాదీ’ యందురు. మన ‘వాగు’ శబ్దమునకు దగ్గరగా వినబడును గాని రెండిటికి చుట్టరికము లేదు. గుణములో మాత్రము చుట్టరికమున్నది. వేసవిలో ఎండి, వాన కురిసినపుడు ఒక్క రాత్రిలో పొంగు మన గుండ్లకమ్మ పిల్లవాగులవంటిదే అది. దాని గట్లను చెక్కి నిట్టనిలువు చేసిరి. దాని అడుగున నీరు, బురద. ముందును వెనుకను మందుపాతరలు.

ఆ సరికి రొమ్మెలు రోగియై, మార్చి 9వ తేదీన ఆఫ్రికా విడిచిపోయెను. మారెత్ రేఖను కాచుచుండినవాడు ఇటలీ సేనాని మెస్సే. మాంట్‌గొమరీ పన్నిన పన్నుగడ ఇది: సముద్రమువైపున ఏబదియవ డివిజను వాగు దాటి కోటలను ముట్టడించవలెను, అదే సమయమున సేనాని ఫ్రైబర్గ్ నడపు న్యూజీలాండు దళము కొండలకు ఆవల ఎడారిలో చుట్టు తిరిగి తెబాగా కనుమవద్ద శత్రువు వెనుకకు చేరవలెను. ముందు కొట్టినది బలమైన దెబ్బ, చుట్టుదారి దెబ్బ దానికి తోడు అని మొదటి తలంపు.

మార్చి 20వ తేదీ రాత్రి వందలకొలది ఫిరంగులు మ్రోగెను. కాల్బలము నిచ్చెనలు మోసికొని వాగులోనికి దిగి, ఆవలిగట్టెక్కి కొన్ని కోటలను పట్టుకొనెను. ఇంతవరకు మనుష్యుల సాహసమునకు సాధ్యమే. కాని దాటినవారు తెల్లవారిన తరువాత నిలువవలెను. శత్రువు టాంకులతో మీదపడును. రైఫిలుతో టాంకును ఆపలేరు. దానికి టాంకులను కూల్చు ఫిరంగి కావలెను. ఆ ఫిరంగిని లారీ లాగవలెను. లారీకి బాట కావలెను. అనగా ఆ యుద్ధమంతయు వాగులో ఒక బాట వేయగలుగుటపై ఆధారపడియున్నది.

ఆ బాటకై టాంకుల ముందు భాగమున పెద్ద పెద్ద కంపమోపులు కట్టి తెచ్చి, వాగులో దొర్లించిరి. వానిమీదుగా దాటబోయిన టాంకులలో మొదటిరాత్రి నాలుగు మాత్రమే ఆవలికి చేరెను. ఒకటి వాగులో దిగబడి దారి మూసినది. మరునాటి రాత్రి సాపర్లు మరల పనిచేసి బాటను బాగుచేయగా నలువదిరెండు వాలెంటైను టాంకులు దాటెను. చూచువారికి ఇది విజయమువలెనే తోచినది. కాని నలువదిరెండు టాంకుల గొలుసులు ఆ మోపులను నుగ్గునుగ్గు చేసి బురదలో కలిపివేసెను. వెనుక రావలసిన ఫిరంగుల లారీలు, చక్రములు గలవి, ఒక్కటియు దాటలేకపోయెను. మొదటి బండ్లు దాటినవి. తరువాతి బండ్లకు దారి లేకపోయినది. పైగా మార్చి 22వ తేదీ ఉదయము వాన పట్టుకొనెను. వాగులో నీరు పెరిగెను. మబ్బులవలన విమానములు సాయము చేయలేకపోయెను. ఆ మధ్యాహ్నము జర్మను పదునైదవ పాంజరు డివిజను ఎదురుదాడి చేసెను. దాటిన వాలెంటైనులలో పెక్కింటికి చిన్న ఫిరంగులే యుండుటచే జర్మను టాంకులకు అవి ఎదురు నిలువలేకపోయెను. ముప్పది వరకు నాశనమయ్యెను. పట్టుకొన్న కోటలలో అధికభాగము చేజారెను.

ఈ సమయమున నాల్గవ భారత డివిజను సాపర్లకు పిలుపు వచ్చినది. మార్చి 22వ తేదీ రాత్రి వాగుపై క్రొత్తబాటలు వేయవలెను. ఫిరంగుల లారీలు తెల్లవారులోగా దాటవలెను. బెంగాలు కంపెనీయు మద్రాసు పండ్రెండవ కంపెనీయు కదలెను. వెన్నెల రాత్రి, దాగుటకు చీకటియైనను లేదు. శత్రువుకు వాగు కొలత తెలియును. ఏచోట గుండు వేసిన ఏచోట పడునో మునుపే లెక్కగట్టి యుంచుకొన్నాడు. ఒకడు మోపు తెచ్చును, ఒకడు పరచును, ఒకడు గడ్డపారతో గట్టు పడగొట్టి వాలు చేయును, ఒకడు గాయపడినవానిని ప్రక్కకు లాగి ఆ గడ్డపార తాను అందుకొనును. ఇట్లు రాత్రియంతయు పని సాగినది. కాని ఆవలిగట్టున పట్టు సడలిపోయెను. ఆ రాత్రియే మాంట్‌గొమరీ ఎదుటిదాడిని మానుకొని, బలమును కొండలకు ఆవలి చుట్టుదారికి మరల్చుటకు నిశ్చయించెను. సాపర్లు ప్రాణమొడ్డి వేయుచుండిన బాటపై నడువవలసిన దాడియే ఆగిపోయెను. దాటినవారిలో మిగిలినవారిని మరుసటి రాత్రి ఈవలికి పిలిపించిరి.

అయినచో ఆ శ్రమ వ్యర్థమా? ఈ ప్రశ్నకు సమాధానము యుద్ధశాస్త్రము తెలియనివారికిని దొరకును. మొదటి రెండు రాత్రులలోను లోపము పనివారిది కాదు; వరుసది. మెత్తని బాటపై ఏది ముందు దాటవలెనను విచారము చాలినంత జరుగలేదు. ఫిరంగులు ముందు దాటి, టాంకులు వెనుక దాటియుండినచో కథ మరొకవిధముగా నుండెడిదని పలువురు తలచిరి. ఏ బరువును ఏ నేల మోయునో, మొదట పోవునది తరువాతివానికి దారి మిగుల్చునో లేదో చూచుకొనవలెను. ఇది డొంకలో బండి తోలువానికి తెలిసిన నీతి.

బాటలు చేయు పని అంతటితో తీరలేదు. మార్చి 23వ తేదీ నుండి నాల్గవ భారత డివిజను మత్మాతా కొండలనడుమనున్న హలూఫ్ కనుమ త్రోవను పట్టెను. పెద్ద చుట్టుదారికి లోపలగా, కురచదారి యొకటి తెరచుట దాని పని. కొండత్రోవలో మలుపు మలుపున పాతరలు, గండికొట్టిన బాటలు. అచట కాల్బలము కంటె ముందు నడిచినది సాపర్లే. అటు తెబాగావద్ద మార్చి 26వ తేదీ సాయంకాలము, పడమటి సూర్యుడు శత్రువు కన్నులలో పడుచుండగా, న్యూజీలాండువారును బ్రిటిషు టాంకులును విమానముల అండతో విరుచుకొనిపడెను. మార్చి 28వ తేదీ నాటికి మెస్సే మారెత్ రేఖను విడిచి ఉత్తరమునకు జరిగెను. ముందు కొట్టిన ముష్టి తప్పినది. ప్రక్కనుండి వచ్చిన దెబ్బ తగిలినది.

మెస్సే మరల నిలిచిన తావు అకారిత్ వాగు. ఒకవైపు సముద్రము, ఒకవైపు ఉప్పుచిత్తడి. నడుమ కొండలు, కందకము. ఈసారి టకర్ ఒక పట్టు పట్టెను: పగలు ఫిరంగుల మ్రోతతో పల్లమున దాడిచేయుటకన్న, చీకటిలో చప్పుడులేక ఫత్నాసా కొండలను ఎక్కుట మేలనెను. ఏప్రిలు 5వ తేదీ రాత్రి గూర్ఖాలు, వారి వెనుక తక్కిన పటాలములు కొండనెక్కెను. గూర్ఖా సుబేదారు లాల్‌బహదూర్ థాపా ఇరుకైన రాతిసందున ముందు నడిచి, ఎదిరించిన కావలివాండ్రను కుక్రీతోను పిస్తోలుతోను పడగొట్టి శిఖరము చేరెను. అతనికి విక్టోరియా క్రాసు లభించినది. క్రింద సాపర్లు కందకముపై దారి చేసిరి. ఏప్రిలు 6వ తేదీ గడచునప్పటికి శత్రువు కాలు నిలువలేదు. ఆ రాత్రి వెనుకకు మరలెను. విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడి సరిగా ఒక సంవత్సరము నిండిన దినమది. మరునాడు తూర్పునుండి పోయిన ఎనిమిదవ సైన్యపు ముందుదళములు పడమటినుండి వచ్చుచున్న అమెరికను సేనను కలిసికొనెను. మే 7వ తేదీన ట్యునిస్ నగరము పడెను. మే 12వ తేదీన జర్మను సేనాధిపతి ఫాన్ ఆర్నిమ్ నాల్గవ భారత డివిజను సేనలకు పట్టుబడెను. మరునాటితో ఆఫ్రికాలో యుద్ధము ముగిసెను. రెండు లక్షలకు మించిన సైనికులు బందీలైరి.

విజయోత్సవము లండనులో జరిగినది, గంటలు మ్రోగినవి. తంబీలు ఇటలీకి పోయి, మరల వాగులు, మరల వంతెనలు, మరల పాతరలు చూచిరి. 1945 తరువాత ఇండ్లకు తిరిగివచ్చినవారికి ఊరిలో ఏ స్వాగతము దొరకినది? దేశము స్వాతంత్ర్యముకై ఉత్సహించుచుండెను. పరప్రభుత్వపు సైన్యములో పనిచేసి వచ్చినవాడు తన కథను గొంతెత్తి చెప్పుకొను కాలము కాదది. కొందరు మరల నాగలి పట్టిరి; కొందరు మోటారు డ్రైవర్లు, మేస్త్రీలు, ఫిట్టర్లు అయిరి. పిల్లలు కథ అడిగినపుడు ‘ఇసుక, ఎండ, నీళ్ళు లేవు’ అని మూడుమాటలలో ముగించినవారు ఎందరో.

తెనాలిలో గుండు తగిలి పడినవానిని స్మరించుట మన ధర్మము. దానికి రెండవ మాట లేదు. కాని జిగ్‌జావూ వాగులో మోపు మోయుచు పడినవానిని మరచుట ఆ ధర్మములో భాగము కాదు. యుద్ధము ప్రకటించునపుడు ఆతని నెవరు నడిగిరి? ఆ వాగులోనికి దిగునపుడు మాత్రము ప్రక్కవానిని విడువక దిగెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మన సైన్యము నిలిచినది అట్టివారి పనితనముపైననే. నేడు బెంగుళూరులోని మద్రాసు ఇంజనీరు దళము వరదలలో తెప్పలు వేయునపుడు, కొండలలో వంతెనలు కట్టునపుడు ఆ పరంపరయే సాగుచున్నది.

ఆ యుద్ధము పూర్తిగా ముగిసినదనుటకును వీలులేదు. నాడు పాతిన పాతరలు అలమీను చుట్టుపట్ల ఎడారిలో నేటికిని లక్షలకొలది మిగిలియున్నవి. గొఱ్ఱెలు కాచుకొను బెడుయినులు, వారి బిడ్డలు వానిపై కాలిడి అవయవములు పోగొట్టుకొనుచునే యున్నారు. పాతరను పాతువానికి ఒక నిమిషము చాలును. తీయువానికి తరములు పట్టుచున్నది. నేలను సేద్యముకై దున్ను మనబోటివారికి ఇంతకు మించిన పాపము తోచదు.

ట్యునీషియాలోని స్ఫాక్సు పట్టణమున మారెత్, అకారిత్ యుద్ధములలో మరణించినవారి సమాధివనము కలదు. అలమీనులో, హైందవాచారముచే దహనముచేయబడిన ఆరువందలమందికి పైగా భారతసైనికుల పేర్లు ప్రత్యేక స్మారకశిలపై చెక్కబడియున్నవి. ఆ రాళ్ళను కామన్‌వెల్తు యుద్ధసమాధుల సంస్థ కాపాడుచున్నది. కాని ఇంటిలోని గుర్తులను ఇంటివారే కాపాడవలెను.

శ్రోతలలో కొందరి ఇండ్లలో తాతముత్తాతలనాటి ట్రంకుపెట్టె యుండవచ్చును. అందు ఆరు మొనలుగల పసుపువన్నె లోహపు నక్షత్రమొకటి కనబడినచో, దానిని ప్రాత ఇత్తడి క్రింద తూకమునకు వేయకుడు. దానిపై ‘ఆఫ్రికా స్టార్’ అని ఇంగ్లీషులో చెక్కియుండును. దాని నాడా ఇసుకవన్నెది. నడుమ వెడల్పైన ఎఱ్ఱగీత, ఇరుప్రక్కల సన్నని ముదురునీలి, లేతనీలి గీతలు. ఇసుకవన్నె ఎడారికి, ఎఱ్ఱగీత సైన్యమునకు, ముదురునీలి నావికాదళమునకు, లేతనీలి విమానదళమునకు గుర్తు. నాడాపై ‘8’ అను అంకె యున్నచో, ఆ మనుష్యుడు అలమీను దాడి మొదలైన 1942 అక్టోబరు 23వ తేదీకిని 1943 మే 12వ తేదీకిని నడుమ ఎనిమిదవ సైన్యములో నుండెనని యెఱుగవలెను.

అట్టి నక్షత్రము దొరికినవారు, దానితోకూడ నున్న కాగితములు చెదలకు విడువక, ఆ పెద్దవాని పేరు, ఊరు, దళము, నెంబరు ఒక కాగితముపై వ్రాసి పెట్టెలో నుంచుదురుగాక. ఇంటిలో వృద్ధులున్నచో, వారు విన్న కథను ఒక సాయంకాలము అడిగి వ్రాసికొందురుగాక. నక్షత్రమును చూచిన బిడ్డ ఇది ఏమని అడిగినపుడు, చెప్పుటకు ఇంటిలో ఒక్కరైనను ఉండవలెను.

ఇక ఈసారి వానాకాలమున రేగడిలో చక్రము దిగబడి, మీరు గట్టుమీది కంపకై చేయి చాచినపుడు, ఆఫ్రికాలోని ఆ వాగును, వెన్నెలలో మోపు మోసిన తంబీని ఒక్క క్షణము తలచికొనుడు.